మెత్తబడే నేల

వరద తీసేక ఊళ్లో అందరికంటే ముందు పని దొరికింది ఎలీసమ్మకే. పొద్దున్నే ఇంత తరవాణి తాగి, కొబ్బరిపీచూ నాలుగు చిప్పలూ గోనెసంచిలో వేసుకుని, కాలవగట్టు మీంచి బాపిరాజుగారింటికి బయల్దేరేది. ఆ ఇంటి సావిట్లో పరిచిన ఎర్రబిళ్లల్ని తోమి, నూనె పెట్టడం ముప్పై ఏళ్లుగా ఆవిడ పనే. రాజోలు చుట్టుపక్కల అలాంటి నేలలు ఏ ఏడెనిమిదో మిగిలేయి. తక్కినవాళ్లంతా మొజాయిక్ వేయించేసుకున్నారు.

బాపిరాజుగారి సావిడికి ఒక గుణం ఉంది. బాగా అలిసిపోయిన మనిషి నడుం వాలిస్తే, బిళ్లలు పచ్చిమట్టిలా మెత్తబడి ఒంటికి సరిపడా ఒదిగేవి. మనిషి లేచేక మళ్లీ బిగుసుకునేవి. సంగతి ఊరందరికీ తెలుసు. కోతల రోజుల్లో రాజుగారు అన్నం తిని అక్కడే ఓ కునుకు తీసేవారు. పాలేళ్లూ కూలీలూ మాత్రం ఎంత అలిసినా గుమ్మం దాటేవారు కాదు. ఎలీసమ్మ దాటేది, పనికి. మోకాళ్ల మీద వంగి రుద్దే ఆవిడ కింద ఆ నేల ఒక్కనాడూ మెత్తబడలేదు. తనకోసం కాదులే అనుకుని రుద్దుకుంటూ పోయేది.

ఎనభై ఆరు ఆగస్టులో గోదారి ఆ సావిట్లో నడుంలోతు నిలబడింది. నీళ్లు దిగేక జానెడు ఒండ్రు మిగిలింది. అది ఎత్తిపోసి చూస్తే బిళ్లలు పాలిపోయి, తెల్లగా ఉప్పు పూసి ఉన్నాయి. రాజుగారి భార్య రాజ్యలక్ష్మిగారు ఆ వేళే ఓ మూల పడుకుని చూసేరు. రాయిలా ఉంది. ఆవిడ అత్తగారు పన్నెండేళ్లు మంచాన పడి వరదకి నెల ముందే పోయేరు. ఆ చాకిరీలో ఆవిడకి నిద్ర అలవాటే తప్పిపోయింది. సావిట్లో తప్ప ఇంకెక్కడా కన్ను మూతపడేది కాదు. ఇప్పుడు అదీ లేదు.

"దసరా ముందు అమలాపురం నించి మేస్త్రీ వస్తాడు. పగలగొట్టించి మొజాయిక్ వేయించేద్దాం" అన్నారు బాపిరాజుగారు.

"ముందు ఎలీసమ్మని చూడనివ్వండి. అప్పటికీ కుదరకపోతే మీ ఇష్టం" అన్నారావిడ.

ఎలీసమ్మ అతుకుల్లో ఒండ్రంతా చిప్పతో గీకింది. ఇనుము తగిలితే బిళ్ల చచ్చిపోతుందని అట్లకాడ కూడా ముట్టలేదు. చింతపండు పులుసుతో ఉప్పు కడిగింది. ఆరితే మళ్లీ పూసింది. మళ్లీ కడిగింది. రాజ్యలక్ష్మిగారు వంటింటి గుమ్మంలో కూర్చుని, ఎర్రబడ్డ కళ్లతో చూస్తూండేవారు.

"వస్తుందంటావా ఎలీసమ్మా?"

"మన్ను కదండీ అమ్మగారూ, పీకల్దాకా నీళ్లు తాగేసింది. ఆరనివ్వాలండి. తొందరపడి నూనె పెట్టేస్తే తడి లోపలే ఉండిపోద్దండి."

"నువ్వెలా ఉన్నావ్?"

ఆ ప్రశ్న తనకేనా అని ఎలీసమ్మ ఒకసారి వెనక్కి చూసింది. "ఆయ్, బాగానే ఉన్నానండి" అంది.

బాగాలేదు. మోకాళ్లు గుమ్మడికాయల్లా వాచేయి. రాజోల్లో టీచరు చేస్తున్న కూతురు రూతు ఆదివారం వచ్చి చూసి, "ఇంక చాలమ్మా, నా దగ్గరికి వచ్చెయ్" అంది.

"వచ్చి ఏం చెయ్యనే?"

"ఏమీ చెయ్యకు."

ఎలీసమ్మ కూతురివైపు జాలిగా చూసి, పీచు నానబెట్టుకోడానికి లేచింది.

అతుకుల్లో సున్నం నింపింది. మూడు వారాలు తలుపులు తీసి ఆరబెట్టింది. వెచ్చచేసిన అవిసెనూనె రెండుసార్లు పట్టించింది. రంగు తిరిగొచ్చింది గానీ నేల మెత్తబడలేదు. మర్నాడు మేస్త్రీ వస్తాడనగా, శుక్రవారం పొద్దున్న మూడోసారి నూనె పోసి రుద్దడం మొదలెట్టింది. సావిడి సగానికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఒక్క క్షణమే కదా అనుకుని, బిళ్లమీద చెంప ఆనించింది.

చెంప కింద నేల లోపలికి జరిగింది. తర్వాత భుజానికి చోటిచ్చింది, తర్వాత నడుముకి. వాచిన మోకాళ్ల కింద రెండు గుంటలు పడ్డాయి. ఎలీసమ్మ నిద్రపోయింది.

రాజ్యలక్ష్మిగారు లేచి వచ్చి చూసేరు. పోసిన నూనె అలాగే వదిలేస్తే సాయంత్రానికి జిగురు కట్టేస్తుంది. ఆవిడ చీర చెంగు బొడ్లో దోపుకుని, మోకాళ్ల మీద కూర్చుని గుడ్డ అందుకున్నారు.

రాజుగారు లోపలికి వస్తూ గుమ్మంలోనే ఆగిపోయేరు. "ఇదేంటి రాజ్యం? దాన్ని లేపు!"

"లేపను. మీరు చెప్పులు విప్పండి, నూనె పాడవుతుంది."

ఆయన ఇంకేం చెయ్యాలో తోచక చెప్పులు విప్పేరు. ఆవిడ ఆఖరి మూల దాకా రుద్దుకుంటూ పోయి, చివరికి తిరిగొచ్చి ఎలీసమ్మ చుట్టూ రుద్దేరు. గాజులు అడ్డం వస్తే తీసి కిటికీలో పెట్టేరు. పని అయ్యేసరికి లేవలేకపోయేరు. ఉన్నచోటే పక్కకి ఒరిగేరు.

శనివారం మేస్త్రీ వచ్చేడు. రాజుగారు వీధి మెట్ల మీదే మాట్లాడి పంపించేసేరు. అమ్మ ఇంకా లేవలేదని కబురు విని రూతు వచ్చి, గుమ్మం బయట వాళ్లమ్మ చెప్పుల పక్కనే కూర్చుంది. రాజుగారు లోపలికెళ్లి తనే ఒక కుర్చీ తెచ్చి వేసేరు.

ఎలీసమ్మకి ఆదివారం పొద్దున మెలకువ వచ్చింది. చర్చి గంట వినిపిస్తోంది. జానెడు దూరంలో రాజ్యలక్ష్మిగారు నోరు కాస్త తెరుచుకుని, చంటిపిల్లలా నిద్రపోతున్నారు. ఇద్దరి కిందా నేల ఒకే పల్లంగా దిగి ఉంది. ఎలీసమ్మ గాభరాగా మోచెయ్యి ఊనబోయింది. ఆ కదలికకి రాజ్యలక్ష్మిగారి కింద బిళ్లలు కూడా అల్లాడేయి.

"లేవకు ఎలీసమ్మా" గుమ్మం అవతల నించి బతిమాలుతున్నట్టు గుసగుసలాడేరు బాపిరాజుగారు. "నువ్వు లేస్తే ఆవిడకీ మెలకువ వచ్చేస్తుంది. నీకు పుణ్యం ఉంటుంది."

ఆయన వెనకాల రూతు నిలబడి ఉంది. ఎలీసమ్మ ఇద్దరినీ చూసింది.

"లేవలేనండి రాజుగారూ" అంది. "ఇంక పనికి కూడా రాలేనండి. మా అమ్మాయి దగ్గరికి వెళ్లిపోతున్నాను."

"అలాగేలే" అన్నారాయన.

ఎలీసమ్మ అటు తిరిగి కళ్లు మూసుకుంది.