రాణివేషం కట్టిన చెయ్యి

బహ్రెయిన్‌లోని బుదైయాలో ఒక జపాను ఇంజనీరు విల్లా ఖాళీ చేస్తుంటే, సామాను మోయడానికి కంపెనీ భీమన్నను పంపింది. గోడల మీంచి దించిన బొమ్మలను ఇంజనీరు భార్య నవోకో పాతబట్టల్లో చుడుతోంది. ఒక బొమ్మ దగ్గర భీమన్న ఆగిపోయాడు. బరువైన పట్టుబట్టలు, తెల్లటి ఆడముఖం, చేతిలో విసనకర్ర. కానీ ఆ చెయ్యి మగవాడిది.

"యే మాస్క్. అందర్ ఆద్మీ," లోపలున్నది మగవాడే అందామె వచ్చీరాని హిందీలో. అది నో అనే పాత నాటకమట. ఇలాంటి బొమ్మలను చెక్కమీద చెక్కి, రంగులద్ది, కాగితంమీద అచ్చు తీస్తారట. ఆ వేషగాళ్లంటే తమ దేశంలో ఎంతో మర్యాదట.

భీమన్న ఆ చేతినే చూస్తుండిపోయాడు. నిజామాబాదు పల్లెల్లో తన కులంవాళ్లాడే చిందు ఆటలో రాణివేషం కట్టినవాడు తను. రాత్రంతా ఈలలేసి చూసినవాళ్లే తెల్లారితే గడప బయట నిలబెట్టేవాళ్లు. అందుకే బహ్రెయిన్ వచ్చాక కులం మాటా, ఆట మాటా ఎత్తలేదు.

అతను కదలకపోవడం చూసి, అంచు చెమ్మకు మరకపడ్డ ఆ బొమ్మను నవోకో అతని చేతుల్లోనే పెట్టేసింది. సనాబిస్ లేబర్ క్యాంపులో తన మంచం పక్క గోడకు దాన్ని వేలాడదీశాడు.

ఆ శుక్రవారం వంట భీమన్నది. పప్పు దించి పిలిస్తే గదివాళ్లలో ముత్తన్న ఒక్కడే వచ్చాడు. మిగతావాళ్లు తలుపు దగ్గర గుసగుసలాడుతున్నారు. భీమన్న వాళ్ల పక్కూరినుంచి కొత్తగా దిగిన మనిషి ఎవరో అతని సంగతి చెప్పేశాడు. వెనకే ఫోర్‌మన్ మంగరాజు వచ్చాడు.

"ఆడవేషాలేసే చిందోడి వంటట్రా ఇన్నాళ్లూ మీరు తిన్నది! ఒరే, ముందు ఆ దెయ్యం మొహం తీసి పారెయ్."

భీమన్న అలవాటుగా తల దించబోయాడు. ఎందుకో మెడ వంగలేదు.

"తియ్య."

"ఏవన్నావ్?"

"తియ్య అన్న సారూ. అది దెయ్యం గాదు, ఆటగాడు. మా తాత కట్టిండు, మా నాయిన కట్టిండు, నేను కట్టిన. ఇన్నొద్దులు దాసుకున్నందుకే సిగ్గయితుంది."

"రేపే వేరే క్యాంపుకి తోలేయిస్తా నిన్ను!"

"తోలుండ్రి. ఆడ గోడలుండయా?"

దుప్పటి చీరలా నడుముకు చుట్టి భీమన్న బయట ఎండలోకి నడిచాడు. ముత్తన్న ఖాళీ పెయింటు డబ్బా తెచ్చి దరువేశాడు. నిండు కొలువులో రాణి రాజును నిలదీసే ఘట్టం అది. భీమన్న గొంతెత్తాడు. పక్క గదుల్లోంచి మలయాళీలు, పఠాన్లు వచ్చి చుట్టూ నిలబడ్డారు. భాష తెలియకపోయినా కోపం తెలుస్తోంది వాళ్లకు. రాణి ఆడుతూ ఆడుతూ మంగరాజు ముందుకే వచ్చి, చెయ్యి చాచి నిలదీసింది.

"ఖలాస్! యల్లా, లోపలికి పోండి!" అని అరిచాడు మంగరాజు. ఎవరూ కదల్లేదు. చివరికి తనే వెళ్లిపోయాడు.

అన్నంత పనీ చేశాడు. మర్నాడే భీమన్నను ముహర్రక్ క్యాంపుకు పంపించేశాడు. అక్కడ కొత్త గదిలో జగిత్యాల మనిషి ఒకడు మంచం చూపిస్తూ, "ఏ ఊరన్నా మీది?" అనడిగాడు.

"మేం చిందోళ్లం," అన్నాడు భీమన్న, ఊరి పేరు చెప్పకముందే. "ఇయ్యాల వంట నేనే చేస్త. తినేటోళ్లు తినుండ్రి, లేకుంటే ఎవలది వాళ్లు వండుకోండ్రి."