అమ్మవారి గోడకు రెండో వాకిలి

సౌదీలో దమ్మామ్ శివార్లలోని ఒక ఫోమ్ పరుపుల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఇంజనీరుగా చేరినప్పటినుంచీ విశ్వనాథానికి ఒకటే బెంగ, వెనక తలుపుకు వేసిన తాళం. కోత హాల్లో ఫోమ్ దిమ్మలు పైకప్పుదాకా పేర్చి ఉంటాయి. నిప్పురవ్వ పడితే లోపల పనిచేసే అంతమందికీ ముందు గుమ్మం ఒక్కటే దిక్కు.

మేనేజరు దిలావర్‌ది నిజామాబాదు. మనిషి మంచివాడే గాని, తాళం మాటెత్తితే ముఖం ముడుచుకునేవాడు.

"తలుపు తెరిస్తే సామాను బయటికి పోతది సార్. రేపు కఫీల్ నన్నే అడుగుతడు."

ఫ్యాక్టరీ సొంతదారైన ఆ కఫీల్ ఉండేది జెద్దాలో. విశ్వనాథం గట్టిగా వాదించాడు. ఒకనాడు అందరిముందూ అరిచాడు కూడా. దాంతో ఇద్దరి మధ్యా మాటలే తెగిపోయాయి.

ఆ బాధంతా భోజనాల దగ్గర లియాంగ్‌కు చెప్పుకున్నాడు. హాంకాంగ్ నుంచి వచ్చిన లియాంగ్ ఫ్యాక్టరీలో యంత్రాల పని చూసేవాడు. భార్య పోయిన ఒంటరి మనిషి, అరవయ్యోపడికి దగ్గరపడ్డవాడు. ఆయన అన్నం గిన్నె పక్కన పెట్టి తన తాత కథ చెప్పాడు.

తాత సముద్రపు అమ్మవారి గుడి చూసుకునేవాడు. అప్పుడు హాంకాంగ్‌లో బ్రిటిషు దొరల పాలన. చైనావాళ్ల గుళ్లమీద సర్కారు ఒక కమిటీని వేసింది. కమిటీవాళ్లు వచ్చి, పండగనాడు ఇంత జనమా, ఇన్ని అగరుబత్తులా, ఒకటే వాకిలా అని, గోడ పగలగొట్టి ఇంకో వాకిలి పెట్టకపోతే గుడి మూసేస్తామన్నారు. గుడి పెద్దలు భగ్గుమన్నారు. అమ్మవారి గోడమీద దొరల పెత్తనమేమిటన్నారు. తాత ఎవరితోనూ వాదించకుండా, అమ్మవారినే అడుగుదామన్నాడు. నెలవంకల్లాంటి రెండు చెక్కముక్కలు నేలమీద వేయడం వాళ్ల ఆచారం. ఒకటి వెల్లకిలా, ఒకటి బోర్లా పడితే అమ్మ సరేనన్నట్టు. వేశాడు, అలా పడలేదు. మళ్లీ వేశాడు. పొద్దు వాలుతున్నా లేవలేదు. కాదన్నాక ఇంకా అడగడమేమిటని పెద్దలు విసుక్కున్నారు.

"లోపల మొక్కుకునేది మన పిల్లలే. తల్లిని అడగడానికి నాకు సిగ్గేమిటి, అన్నాడట తాత," అని లియాంగ్ నవ్వాడు. చివరికి చెక్కలు అనుకున్నట్టే పడ్డాయి. గోడమీద మొదటి దెబ్బ వేసింది ఆ పెద్దల్లో ఒకరేనట.

మర్నాటినుంచి విశ్వనాథం టీ వేళకు దిలావర్ గదికి వెళ్లి కూర్చోసాగాడు. మొదట్లో ఇద్దరూ టీ తాగి లేచేవారు. తర్వాత ఇంటి సంగతులు, పిల్లల చదువులు వచ్చాయి. లేవబోతూ తాళం మాట అడిగేవాడు. కాదంటే సరేనని వెళ్లి, మర్నాడు మళ్లీ అడిగేవాడు. దొంగతనం భయం తీరేలా, లోపలినుంచి నెడితే తెరుచుకుని గంట మోగే తలుపు పెట్టిద్దామన్నాడు.

"రోజూ ఇదే అడిగి అడిగి మీకు యాష్ట రాదా సార్?" అన్నాడు దిలావర్ ఒకరోజు.

"లోపలున్నది మనవాళ్లే కదండీ."

దిలావర్ టీ గ్లాసు పక్కన పెట్టాడు. తర్వాత జెద్దాకు ఫోన్ కలిపాడు.

తలుపు మార్చిన ఎండాకాలంలోనే కోత యంత్రం మోటారు కాలి ఫోమ్ అంటుకుంది. నల్లటి పొగ ముందు గుమ్మాన్ని కప్పేసింది. గంట మోగుతుండగా మనుషులు వెనక తలుపులోంచి దగ్గుతూ ఇసుకలోకి వచ్చి పడ్డారు. లియాంగ్ ఒక్కడే కనబడలేదు. కరెంటు ఆపడానికి ఆగిపోయాడని ఎవరో అన్నారు. విశ్వనాథం కదిలేలోపే దిలావర్ లోపలికి దూరాడు. లియాంగ్‌ను భుజాన వేసుకుని బయటికొచ్చి, ఇసుకమీద పడుకోబెట్టాడు.

ఆస్పత్రివాళ్లు భయం లేదన్నాక విశ్వనాథం లియాంగ్‌ను తనింటికే తీసుకెళ్లాడు. భార్య బాలామణి అన్నం మెత్తగా వండి, పెరుగు కలిపి పెట్టింది. ఆయన మెల్లగా తింటుండగా దిలావర్ ఖర్జూరాల పొట్లంతో గుమ్మంలో నిలబడ్డాడు. చూసి పోదామనే వచ్చానన్నాడు.

"చేతులు కడుక్కోండి అన్నయ్యగారూ, వడ్డిస్తున్నాను," అంది బాలామణి.

దిలావర్ వచ్చి లియాంగ్ పక్కన కూర్చున్నాడు. ఎర్రగా నోరూరిస్తున్న ఆవకాయ గిన్నెవైపు లియాంగ్ చెయ్యి చాపబోతే, దిలావర్ దాన్ని నెమ్మదిగా తనవైపు జరుపుకుని, గొంతు మంట తగ్గేదాకా వద్దని తల అడ్డంగా ఊపాడు.