మూడో సూది

నేను ఒక నీలం డబ్బాను. పైన తెల్లటి మూత, భుజానికి తగిలించుకునేందుకు నల్లటి పట్టీ. నన్ను చూసి చేపల డబ్బా అనుకున్నవాళ్ళున్నారు, ఐస్‌క్రీములు అమ్మే డబ్బా అనుకుని చిల్లర చేత్తో పట్టుకుని వెంటపడ్డ పిల్లలున్నారు. నొచ్చుకోలేదు. నేను మోసేది టీకాలు.

ఒక ఫ్యాక్టరీలో కరిగిన ప్లాస్టిక్కును అచ్చులో పోసి నన్ను తీశారు. రెండు గోడల మధ్య నురుగు నింపారు. అది గట్టిపడ్డాక బయట రోహిణీకార్తె ఎండ కాసినా నా కడుపులో చల్లదనం చెదరదు. నాలుగు పక్కలా నాలుగు ఐసు పలకలు, నడుమ మందు సీసాలు. టీకామందు మహా సుకుమారం. వేడి తగిలితే చెడుతుంది, మరీ గడ్డకట్టినా కొన్ని మందులు పనికిరాకుండా పోతాయి. మనుషులు తమకోసం తయారుచేసుకున్న వస్తువు కదా, వాళ్ళలాగే దానికీ ఏదీ ఒక పట్టాన పడదు.

నన్ను మొదట భుజాన వేసుకున్నది నర్సు సువార్తమ్మ. గోదావరి లంక గ్రామాల్లో ఆవిడ డ్యూటీ. పడవలో నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేది. బయలుదేరే ముందు ఐసు పలకలను బల్లమీద పరిచి, వాటికి చెమట పట్టేదాకా ఆగి, చెవి దగ్గర పెట్టుకుని ఆడించి, లోపల నీళ్ళు కదిలిన చప్పుడు వినిపించాకే నాలో సర్దేది. పడవవాడు కేకలేసినా ఆవిడ తొందరపడేది కాదు. ఊళ్ళో అడుగుపెట్టగానే పిల్లలు నన్ను చూసి గుక్కపట్టి ఏడ్చేవారు. సూది పొడిచేది ఆవిడ, చెడ్డపేరు మాత్రం నాకు.

కొన్నేళ్ళకు సువార్తమ్మకు పట్నంలోని ఆసుపత్రికి బదిలీ అయింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు నెలనెలా మందులిచ్చే విభాగం అది. దాని పక్కనే టీకాల గది. "దీని మూత నా చేతికి అలవాటు" అని పైవాళ్ళను ఒప్పించి నన్నూ వెంట తెచ్చుకుంది. ఇక్కడికి వచ్చేవాళ్ళంతా పెద్దవాళ్ళు. పిల్లల్లా ఏడవరు. అంతకంటే కష్టం, సాకులు చెబుతారు.

వీరభద్రం అలా సాకు చెప్పినవాడే. కడియం చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా వెళ్ళే ఒక బ్యాండుమేళంలో క్లారినెట్ వాయిస్తాడు. నలభై దాటాయి, పెళ్ళి కాలేదు. కుదిరే వేళకే రక్తపరీక్షలో హెచ్‌ఐవీ తేలింది. మందులు ఒక్కపూట మానకుండా మింగుతాడు. కానీ ఆ ముందటి చలికాలం న్యుమోనియా పట్టి ఆసుపత్రి మంచంమీద ఆక్సిజన్ గొట్టంతో గడిపాడు. అతను లేచొచ్చేసరికి మేళం మాస్టరు ఇంకో క్లారినెట్ మనిషిని చూసుకున్నాడు. ఇతన్ని పూర్తిగా మాన్పించలేదు గానీ, గుక్క తిప్పుకోకుండా వాయించాల్సిన పాటలన్నీ ఆ కొత్తవాడికి పోయాయి.

"న్యుమోనియాకి ఒక సూది, కామెర్లకి మూడు సూదులు, చలికాలం ముందు ఫ్లూకి ఒకటి. ఇవాళ రెండు వేస్తాను. చొక్కా మడువు" అంది సువార్తమ్మ.

అతను మడవలేదు. "సూది పడితే లోపల పడుకున్న జబ్బు లేచి కూర్చుంటాదంట కదండీ."

"ఎవరు చెప్పారయ్యా?"

"బయట బెంచీ మీద అనుకుంటన్నారండి."

"బెంచీ మీద వైద్యం ఎప్పట్నుంచి మొదలెట్టారు? ఇదిగో, ఇందులో ప్రాణమున్న క్రిమి లేదు. నీ ఒంటికి శత్రువు ఫొటో చూపించడమే ఇది. రేపు అసలువాడొస్తే గుర్తుపట్టి తరిమేస్తుంది. జబ్బు లేచి కూర్చునేది మాత్రలు మానేస్తే, సూది వేయించుకుంటే కాదు."

అతనింకా నసుగుతుంటే వెనకనున్న మనిషి ముందుకొచ్చి స్టూలు మీద కూర్చుంది. "నాకేసేయండి సిస్టరమ్మగారూ. అవతల అంట్లు కట్టాలి. ఈయనగారు ఆలోచించుకునేలోపు నా మొక్కలు ఎండిపోతాయి."

ఆమె పేరు తాయారు. కడియం నర్సరీలో గులాబీ అంట్లు కట్టే పని. గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి, ముంజేతుల నిండా ముళ్ళ గీతలు. భర్త పోయి ఏళ్ళయింది. ఆయన వదిలివెళ్ళిన ఆస్తి ఆ జబ్బొక్కటే. సూది దిగుతున్నా మాట ఆపలేదు. లేచి, చేయి రుద్దుకుంటూ వీరభద్రానికి స్టూలు చూపించింది.

"కళ్ళు మూసుకోకండి. మూసుకుంటే ఇంకా భయమేత్తది. ఎటో ఒకవైపు చూడండి."

"ఎటు చూడనండి?"

"ఇటు చూడండి."

చూశాడు. సూది ఎప్పుడు దిగిందో, ఎప్పుడు బయటికొచ్చిందో తెలియలేదు. రెండోది కూడా అయిపోయిందని సువార్తమ్మ రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

మరుసటి నెల కామెర్ల రెండో సూదికి ఇద్దరూ ఒకే రోజున వచ్చారు. కాకతాళీయమని వాళ్ళన్నారు. సువార్తమ్మ నమ్మినట్టు తలూపింది. తాయారు ఒక గులాబీ మొక్క తెచ్చి కిటికీలో పెట్టింది. వీరభద్రం చంకలో గుడ్డసంచి ఉంది. అదేంటని ఆమె అడగడమే ఆలస్యం, క్లారినెట్ ముక్కలు తీసి బిగించాడు. ఆసుపత్రిలో పాటలేంటని సువార్తమ్మ కసిరింది గానీ తలుపు దగ్గరకు వేసింది. అతను మెల్లగా ఎత్తుకున్నాడు. బయట వరండాలో మాటలన్నీ ఆగిపోయాయి. చరణం మధ్యలో ఊపిరి తెగింది. దగ్గు వచ్చింది. తలదించుకుని వాయిద్యం విప్పబోయాడు.

"ఆగిన కాడినుంచి వాయించండి. తొందరేం ఉందిప్పుడు?" అంది తాయారు.

అతను అక్కడినుంచే వాయించాడు.

ఆ తర్వాత నెలనెలా మందులకొచ్చినప్పుడల్లా వరండాలో ఒకే బెంచీ మీద కూర్చునేవారు. క్షయ రాకుండా ముందుగా మింగే మాత్రలు ఆమెకు మొదలుపెడితే, తలతిరుగుతోందా, ఆకలేస్తోందా అని అతను డాక్టరులా ఆరాలు తీసేవాడు. చలి మొదలవకముందే అతనే వచ్చి "ఫ్లూ సూది వచ్చిందాండీ?" అని అడిగాడు. సూదంటే పారిపోయినవాడు సూదికోసం వెతుక్కుంటూ రావడం నా జీవితంలో చూడటం అదే మొదటిసారి. ఆ రోజే నా పక్కన నిలబడి, సువార్తమ్మ వింటుందన్న సంగతి కూడా మర్చిపోయి, తాయారును అడిగేశాడు.

"మనిద్దరం ఒకింట్లో ఉంటే మందుల టైము ఒకరికొకరం గుర్తుచేసుకోవచ్చు కదండీ."

పెళ్ళి అడగడానికి ఇంతకన్నా పేలవమైన మాట ఉండదు. తాయారు ముఖం మాత్రం మొక్కకు నీళ్ళు పోసినట్టయింది. "వచ్చే నెల చెప్తాను" అంది.

వచ్చే నెల ఆమె కనబడలేదు.

ఏమైందంటే, ఆ రోజే సువార్తమ్మ ఆమెను ఆడవాళ్ళ పరీక్షకు లోపలి గదికి పంపింది. హెచ్‌ఐవీ ఉన్న ఆడవాళ్ళకు గర్భసంచి ముఖద్వారం దగ్గర క్యాన్సర్ వచ్చే అవకాశం ఎక్కువ. అందుకే ఏ బాధా లేకపోయినా ముందే చూస్తారు. మందునీళ్ళు అద్ది చూస్తే ఒకచోట తెల్లమచ్చ తేలింది. వచ్చే మంగళవారం రమ్మని డాక్టరమ్మ చెప్పింది. తాయారు తలూపి వెళ్ళిపోయింది. మంగళవారం రాలేదు. ఆ పై మంగళవారమూ రాలేదు. ఫోను మోగదు. కామెర్ల మూడో సూది వేయాల్సిన రోజు కూడా వచ్చింది. సువార్తమ్మ ఆమె సీసాను నాలో అలాగే ఉంచి మాటిమాటికీ గుమ్మంవైపు చూసింది.

వీరభద్రం తన మూడో సూది వేయించుకుని కదల్లేదు. "ఆవిడ ఇల్లెక్కడో చెప్పండి సిస్టరుగారూ. నేనెళ్ళి తీసుకొస్తాను."

"చెప్పను."

"నేను పరాయోణ్ణాండీ?"

"ఎవరైనా సరే. రేపు నీ ఇల్లెక్కడని నన్నెవరైనా అడిగితే చెప్పెయ్యమంటావా?"

అతను నేలచూపులు చూశాడు. "అయితే మీరెళ్ళండి" అన్నాడు. "మందులు కూడా అయిపోయుంటాయండి ఈపాటికి."

మర్నాడు సువార్తమ్మ నన్ను భుజాన వేసుకుని కడియం బస్సెక్కింది. హెచ్‌ఐవీ విభాగం పేరున్న గుర్తింపు కార్డు తీసి సంచిలో దాచింది. నర్సరీకి టీకాల డబ్బాతో ఒక నర్సు వచ్చి తాయారు ఎక్కడని అడిగితే, సాయంత్రానికల్లా ఆ ఊరంతా కథలల్లేస్తుంది. అందుకని ఆవిడ ముందే డాక్టరమ్మతో మాట్లాడి, తాయారు సీసాతో పాటు ధనుర్వాతం టీకాలు కూడా నాలో పెట్టుకుంది. తిన్నగా నర్సరీ యజమాని దొరబాబు దగ్గరికెళ్ళి, "మట్టిలో, ముళ్ళల్లో పనిచేసేవాళ్ళు. అందరికీ ధనుర్వాతం సూది వేసెళ్తాను" అంది.

చామంతి మడుల మధ్య బల్ల వేశారు. కూలీలంతా వరస కట్టారు. మెలితిప్పిన మీసాల దొరబాబుగారు మాత్రం కుండీల లెక్క చూడాలంటూ షెడ్డు వెనక్కి వెళ్ళిపోయారు. ఆడకూలీలు వెళ్ళి నవ్వుతూ ఆయన్ని లాక్కొచ్చారు. "అబ్బా" అని ఆయన వేసిన కేకకు పక్క నర్సరీలో వాళ్ళు కూడా గోడమీంచి తొంగిచూశారు.

వరస చివర తాయారు ఉంది. సన్నబడిపోయింది. మిగతావాళ్ళు పనిలోకి వెళ్ళేదాకా ఆగి సువార్తమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది.

"మాత్రలు మింగుతున్నావా?"

"అయిపోయాయండి."

"అయిపోతే రావద్దూ?"

"దేనికండీ? మా వదిన ఈ క్యాన్సర్‌తోనే పోయింది. ఎంత నరకం పడిందో నేను చూశాను. ఆ మచ్చేంటో నాకు తెలీదాండీ?" కళ్ళు తుడుచుకుంది. "ఒక జబ్బుందని తెలిసే ఆయన అడిగారు. ఇప్పుడు రెండోది కూడా వెంటబెట్టుకుని ఆయనింటికి ఏ మొహంతో ఎళ్ళనండి?"

సువార్తమ్మ ఆమె చేయి పట్టుకుంది. "మీ వదినకి ఈ పరీక్ష ఎవరైనా చేశారా?"

"లేదండి. రక్తం పడ్డాక ఎళ్ళింది."

"అదే తేడా. నీకు క్యాన్సర్ వచ్చిందని ఎవరూ అనలేదు. ఇలాగే వదిలేస్తే ఎన్నేళ్ళకో రావచ్చు. రాకుండా చెయ్యడానికే రమ్మంది. చిన్న వేడి పరికరంతో ఆ మచ్చను మాడ్చేస్తారు. కడుపునొప్పి వచ్చినట్టు కాస్త ఉంటుంది, అంతే. మళ్ళీ ఏడాదికి చూసుకోవాలి. ఆ రోజే నిన్ను కూర్చోబెట్టి ఈ మాటలన్నీ చెప్పాల్సింది. గది నిండా జనం, చెప్పకుండానే పంపించేశారు. తప్పు మాదే."

తాయారు నిజమేనా అన్నట్టు ఆవిడ ముఖంలోకి చూసింది. "నిజంగా క్యాన్సర్ కాదాండీ?"

"కాదే పిచ్చిదానా."

అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే చీర కొంగు భుజం మీంచి తప్పించి చేయి చాపింది. ఆమె పేరున ఉంచిన సీసాను సువార్తమ్మ నాలోంచి తీసింది. అన్ని గంటల ఎండలోనూ దాన్ని నేను చల్లగా ఉంచాను. గొప్ప చెప్పుకోకూడదు గానీ, ఈ ఒక్కదానికి చెప్పుకుంటాను.

మంగళవారం తాయారు వచ్చింది. లోపలికెళ్ళిన కాసేపటికే చికిత్స అయిపోయి, కొంచెం వంగి నడుస్తూ టీకాల గదిలోకొచ్చింది. వీరభద్రం అక్కడే ఉన్నాడు. మచ్చ సంగతి, తన భయం, అన్నీ తనే చెప్పింది. సువార్తమ్మ తనకేమీ వినబడనట్టు దూది సర్దుతూ నిలబడింది.

వీరభద్రం అంతా విన్నాడు. "నొప్పుందాండీ?" అన్నాడు.

"కొంచెం."

"అయితే బస్సులో వద్దు, ఆటో మాట్లాడతాను." గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "మరి... నేనడిగింది?"

"ఆటోలో చెప్తాను, పదండి" అంది తాయారు.

మాఘమాసంలో పెళ్ళి. దొరబాబుగారు నర్సరీలోనే పందిరి వేయించారు. పొద్దున ఎక్కడో టీకాలు వేసి సువార్తమ్మ తిన్నగా అక్కడికే వచ్చింది కాబట్టి నేనూ వెళ్ళాను. ఎవరో కూల్‌డ్రింకు సీసాలు నాలో పెట్టబోతే, "చెయ్యి తియ్యి! అది మందుల డబ్బా!" అని ఆవిడ అరిచిన అరుపుకు పురోహితుడు మంత్రం మర్చిపోయాడు. ఆ చలికాలమంతా మేళంలో సగం మంది దగ్గుతూ తుమ్ముతూ గడిపినా, వీరభద్రం ఒక్కరోజు కూడా మంచం ఎక్కలేదు. తాళి కట్టేశాక మేళం "ఆనందమానందమాయెనే" పాట అందుకుంది. కొత్త క్లారినెట్ మనిషి ఎందుకో తడబడ్డాడు. పెళ్ళికొడుకు ఆగలేకపోయాడు. మెడలో దండతోనే లేచెళ్ళి ఆ కుర్రాడి చేతిలోంచి వాయిద్యం తీసుకున్నాడు. తలంబ్రాల పళ్ళెం పట్టుకుని పురోహితుడు "అయ్యా, ఇది మీ పెళ్ళి!" అని మొత్తుకుంటుంటే, గుక్క తిప్పుకోకుండా చరణమంతా వాయించి, దోసిళ్ళతో తలంబ్రాలు పట్టుకుని ఎదురుచూస్తున్న తాయారు దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. ఆమె ఆ బియ్యం మొత్తం ఒకేసారి అతని నెత్తిన కుమ్మరించింది.

ఆ తర్వాత నాకూ వయసు మీదపడింది. మూత బిగుతు తప్పింది. చల్లదనం నిలవడం లేదని నా వీపున ఎర్రరంగుతో గీత గీసి స్టోరు గదిలో పడేశారు. విరిగిన స్టాండ్లు, కుంటి కుర్చీల మధ్య నా చోటు.

మొన్న మధ్యాహ్నం సువార్తమ్మ ఏదో వెతుక్కుంటూ ఆ గదిలోకొచ్చింది. చేతిలో స్వీటు పెట్టె ఉంది. వెతకడం మానేసి, నన్ను బోర్లించి పైన కూర్చుని లడ్డూ తీసింది. తింటూ తనలో తనే నవ్వుకుంటోంది. ఆ పెట్టె తెచ్చింది తాయారు. ఏడాది పరీక్ష అయింది, మచ్చ లేదు. వరండాలో ఆ దంపతులు సంతోషం పట్టలేక గట్టిగా మాట్లాడుకుంటుంటే, స్టోరు గది కిటికీలోంచి నాకూ వినబడింది.

అటెండరు తలుపులోంచి తొంగిచూశాడు. "ఏంటి సిస్టరుగారూ, ఒక్కరే నవ్వుకుంటన్నారు? ఏంటి విశేషం?"

ఎవరి సంగతీ ఎవరికీ చెప్పని మనిషి ఆవిడ. నోట్లో లడ్డూ మింగి, ఇంకొకటి అతని చేతిలో పెట్టింది.

"లడ్డూ బాగుందిలే" అంది.