నిమిషానికి అరవై మాటలు

నర్సీపట్నం నుంచి రోలుగుంట వెళ్లే దారిలో, జీడితోటలను ఆనుకుని ఒక ఎలిమెంటరీ స్కూలుంది. ముప్పై ఒక్కమంది పిల్లలు, ఒకే ఒక్క టీచరు. ఆవిడ పేరు పుష్పవతి. అబద్ధమాడడం ఆవిడకు చేతకాదని ఊళ్లో అనుకుంటారు. అందులో నిజమెంతో ఆవిడకొక్కదానికే తెలుసు.

మూడేళ్ల కిందట పైనుంచి ఒక కాగితం వచ్చింది. ప్రభుత్వ బడుల్లో ఏ తరగతి పిల్లకు ఎంత చదువు వచ్చి ఉండాలో రాష్ట్రమంతటికీ ఒకే కొలత పెడతారట. ముందుగా కొన్ని బడులకు వెళ్లి, పిల్లలు నిజంగా ఎంత చదవగలుగుతున్నారో చూసి, దాన్నిబట్టి పెడతారట. ఆ కొన్నింటిలో ఈ బడి ఒకటి. కాగితంలో అంతా వివరంగానే రాశారు. కానీ మన బడుల్లో కాగితాన్ని పట్టించుకునేదెవరు? పైవాళ్లు వస్తున్నారంటే ఇన్‌స్పెక్షనే. ఇన్‌స్పెక్షనంటే గోడలకు సున్నం, పిల్లల తలలకు నూనె, చదువు రానివాళ్లకు ఆ పూట సెలవు. ఎవరూ నేర్పక్కర్లేకుండా వచ్చేసిన అలవాటది.

ముందురోజు మధ్యాహ్నం గణేశ్వరరావు ఫోను చేశాడు. చుట్టుపక్కల చిన్న బడులన్నింటినీ చూసుకునే పెద్ద హెడ్మాస్టరాయన.

“రేపు సదివించే పాఠం వాట్సాప్‌లో పెట్టేను, సూసుకోండి మేడమ్. మన మండలం పరువు పోకూడదు.”

పుష్పవతి చూసుకుంది. మూడో తరగతిలో చురుకైన నలుగురిని కూర్చోబెట్టి సాయంత్రం దాకా ఆ పాఠం బట్టీ పట్టించింది. తక్కిన ఏడుగురినీ మర్నాడు రావద్దంది.

మర్నాడు పైవాళ్లు పంపిన మంగ అనే అమ్మాయి ట్యాబు పట్టుకుని వచ్చింది. నలుగురూ ఒకరిని మించి ఒకరు గడగడా అప్పజెప్పేశారు. నిమిషానికి అరవై మాటలు, అరవై మూడు మాటలు. ఒకడైతే పేజీ తిప్పకుండానే రెండో పేజీ చదివేశాడు. మంగ వాడి వంక చూసింది, టీచరు వంక చూసింది.

“మేడమ్, దీనికి మార్కులు లేవండి. మీకు పేరూ రాదు, మాటా రాదు. మేం రాసుకెళ్లిందే రేపు రాష్ట్రమంతటికీ కొలతవుద్ది. నిజంగా ఇంత వేగంగా చదువుతారా వీళ్లు?”

నిజం నోటిదాకా వచ్చింది. కానీ పరువు అడ్డొచ్చింది. “మా పిల్లలు అంతేనండి,” అంది పుష్పవతి, కాస్త గర్వంగా కూడా. తెలిసే అంది, మంగ ఇచ్చిన కాగితం మీద తెలిసే సంతకం పెట్టింది. ఇంకొకరి మీదకు నెట్టడానికి లేదు.

మిగతా బడులవాళ్లూ సత్యహరిశ్చంద్రులేమీ కారు. ఎవరి వాట్సాప్ వాళ్లకుంది.

ఈ ఏడాది కొలత అచ్చయి వచ్చింది. మూడో తరగతి పిల్ల కొత్త పాఠాన్ని నిమిషానికి అరవై మాటల చొప్పున చదవాలి. సగంమందైనా అందుకోని బడిలో మూడు నుంచి పై తరగతులు ఎత్తేసి టౌనులోని పెద్ద బడిలో కలిపేస్తారు. అది ఐదు కిలోమీటర్లు. ఈసారి పాఠం ముందుగా ఎవరికీ రాలేదు. ఎవరినీ ఇంట్లో కూర్చోబెట్టడానికీ లేదు, అందరి ఫొటోలూ ఫోనులో పడాలి.

మళ్లీ మంగే వచ్చింది. మూడో తరగతిలో ఎనిమిదిమంది. ఏడుగురి చదువు అయ్యేసరికి ముగ్గురే గట్టెక్కారు. ఇంకొక్కరు కావాలి. మిగిలింది ఈశ్వరి.

ఈశ్వరి అమ్మానాన్నలు ఏజెన్సీ కొండల నుంచి దిగివచ్చి జీడితోటకు కాపలా ఉంటున్నారు. ఇంట్లో వాళ్ల భాష వేరు. పిల్ల తెలుగు నేర్చింది ఈ బడిలోనే. నేర్చినప్పటినుంచీ అక్షరం కనబడితే వదలదు. పకోడీ పొట్లం విప్పితే ముందు కాగితం చదివి, తరవాత పకోడీ తింటుంది. చదువంటే అంత ఇష్టమున్న పిల్లను పుష్పవతి తన ఇరవయ్యేళ్ల ఉద్యోగంలో చూడలేదు.

పాఠం తప్పిపోయిన మేక గురించి. ఈశ్వరి ప్రతి మాట కిందా వేలు పెట్టి, పైకి చదివి, తలూపి, అప్పుడు పక్క మాటకు వెళ్లింది. నిమిషమైందని ఫోను గంట కొట్టింది. ఇరవై నాలుగు మాటలు. ఈశ్వరి ఆగలేదు.

“చాలమ్మా,” అంది మంగ.

“మేక ఇంకా దొరకనేదండి. సూసెత్తానుండండి.”

మంగకు నవ్వొచ్చింది. “ఎందుకు పోయిందంటావు మేక?”

“పిల్లని వాగుకాడ ఒగ్గీసినారు గదండి, దాని కోసం ఎల్లింది.”

పిల్లను వదిలేశారని ఉంది గానీ, మేక అందుకే వెళ్లిందని ఆ పాఠంలో ఎక్కడా రాసి లేదు. గడగడా చదివినవాళ్లలో ఒక్కరికీ తట్టలేదు. మంగ ట్యాబు వంక చూసి, “ఇది రాయడానికి ఇందులో గడి లేదండి మేడమ్,” అంది. కాగితం తీసుకుని లేచింది.

పుష్పవతి గణేశ్వరరావు దగ్గరకు పరిగెత్తింది. మూడేళ్లనాటి నిజం రాసిచ్చేద్దామంది.

“మీకేటి పిచ్చా మేడమ్? అందరం సేసిందే. ఇప్పుడు మీరు ఒప్పుకుంటే ముందు మీ ఉద్యోగం, ఎనకాల నాదీ పోతాయి. పోనీ కొలత మారతాదా, సెప్పండి?”

పుష్పవతి భయపడింది. అర్జీ రాసింది గానీ నిజం రాయలేదు. ‘కొలత మా పిల్లల స్థాయికి మించి ఉంది, దయచేసి పరిశీలించగలరు’ అని మాత్రం రాసింది. పదిహేను రోజులకు జవాబొచ్చింది. కొలతను బడుల్లో స్వయంగా చూసిన ఫలితాల ఆధారంగానే నిర్ణయించారట. రుజువుగా ఒక కాగితం జతపరిచారు. నలుగురు పిల్లల పేర్లు, పక్కన అరవై, అరవై మూడు, అడుగున పుష్పవతి సంతకం.

ఆవిడ ఆ కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది.

తరగతులు ఎత్తేసిన రోజు ఈశ్వరి తల్లి సోమలమ్మ వచ్చింది. “రోడ్డుమీద కంకర లారీలు తిరుగుతాయి గదండీ. అంత దూరం ఒక్కర్తీ ఎలాగెల్తాది? నాను పనికెల్తే దింపీదెవులు?”

“ఆటో పెడతారట సోమలమ్మా.”

“ఎప్పుడండీ?”

పుష్పవతికి తెలియదు. రెండు నెలలైనా ఆటో రాలేదు.

దసరా సెలవుల ముందు పుష్పవతి జీడితోట వైపు వెళ్లింది. పాక ముందు తల్లీకూతుళ్లు జీడిపిక్కలు కొడుతున్నారు. ఈశ్వరి వేళ్లు జీడిసొన తగిలి కాలి నల్లబడ్డాయి, చివర్లు పొరలు లేచాయి. పాఠంలో మాటల కింద పెట్టిన వేలు కూడా. టీచర్ని చూడగానే పిల్ల లేచి నిలబడింది.

“టీచరుగారండీ, మేక దొరికిందాండి?”

అదేమిటో పుష్పవతికి వెంటనే వెలగలేదు. వెలిగాక చూస్తే, ఆ పాఠం చివరిదాకా తానూ చదవలేదు.

“దొరికిందమ్మా.”

“పిల్ల కూడానా?”

“ఆఁ, పిల్ల కూడా.”

ఈశ్వరి మొహం విప్పారింది. అంతలోనే తల దించుకుని, “నాను బేగి సదవనేదని మన బడి తీసీసినారంట గదండీ,” అంది.

నిజం మళ్లీ నోటిదాకా వచ్చింది. “నీవల్ల కాదమ్మా,” అంది పుష్పవతి. మరి ఎవరివల్లోనని పిల్ల కళ్లెత్తి చూసింది. పుష్పవతి బడి దారి వైపు తిరిగింది, పిల్ల కూర్చుని ఇంకో పిక్క అందుకుంది.