బాలింత పళ్లెంలో మునగాకు

ఆ రోజు ఇంట్లో నాయన తల్లి జేజి మహానందమ్మ, అమ్మ, కాన్పుకొచ్చిన అక్క రక్షిత, ఇంకా పేరు పెట్టని అక్క కొడుకు, నేను ఉన్నాం. నాయన శనగ విత్తనాలకని పొద్దున్నే శిరివెళ్లకు పోయాడు.

ఆళ్లగడ్డ ఆసుపత్రిలో డాక్టరమ్మ అక్క కంటి కింది రెప్ప లాగి చూసి, పరీక్ష చేయించి, రక్తం ఏడు గ్రాములే ఉందని చెప్పింది. ఆకుకూరలు, గుడ్లు పెట్టమంది. మళ్లీ చూసేసరికి పెరగకపోతే నంద్యాలకు తీసుకుపోయి రక్తం ఎక్కించాలంది. అమ్మ తలూపింది. కానీ ఇంటికొచ్చాక పథ్యమంతా జేజి చేతిలోకి పోయింది. పొద్దున అన్నం, వెల్లుల్లి కారం. రాత్రీ అదే. బాలింత ఆకు తింటే పాలల్లో దిగి బిడ్డకు విరేచనాలు పడతాయట. అక్క గోళ్లు సున్నం పూసినట్టు తెల్లబడ్డాయి. బిడ్డ ఏడిస్తే ఎత్తుకోమని నాకు సైగ చేసేది. నోరు తెరిచి పిలవడానికి కూడా ఓపిక లేదు.

మధ్యాహ్నం జేజి కునుకు తీస్తుంటే పెరట్లో మునగాకు దూసి, పెసరపప్పుతో వండి, అన్నం కింద దాచి తీసుకుపోయాను.

"ఏందిమే ఇది?" అంది అక్క.

"తిను. జేజి పండుకోనుంది."

"చూస్తే చంపుతాది."

"నీకు రక్తం లేదక్కా."

"ఉండే రక్తం గూడా నీతో మాట్లాడేదానికే పోతాంది," అని నవ్వింది. ఒక్క మెతుకు మిగల్చకుండా తింది.

సాయంత్రం బిడ్డ గుడ్డలో పచ్చగా, పలచగా పోయాడు. జేజి ఆ గుడ్డను వెలుగులో పట్టి చూసింది.

"ఏం తింటివే?"

అక్క నా వైపు చూసింది.

"నేనే పెడితి జేజీ. మునగాకు," అన్నాను. "వాడు నిన్న గూడా ఇట్లే పోయినాడు గదా. పాలు తాగే బిడ్డలు ఇట్లే పోతారని నర్సు చెప్పింది."

"చూడు విజయమ్మా, నీ కూతురు చందన కాన్పులు గూడా చేస్తాదంట. నేను ఏడుగుర్ని కంటి. యా ఆకూ తినల్యా."

"డాక్టరమ్మ గూడా తినమనింది గదత్తా..." అని మొదలుపెట్టి అమ్మ ఆగిపోయింది. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలింది తినే మనిషి అమ్మ. ఆమె రక్తం ఎంతో ఎవరూ చూడలేదు.

జేజి టీ కాచి, ఆసుపత్రిలో ఇచ్చిన ఐరన్ మాత్ర తెచ్చింది. చేదు తెలియకుండా రోజూ టీతోనే మింగిస్తుంది. టీతో మింగితే మాత్ర ఒంటికి పట్టదని బడిలో సైన్సు టీచరు చెప్పింది. ఆ మాట ఇన్నాళ్లూ నా నోటిదాకా వచ్చి ఆగిపోయేది.

"టీతో వద్దు జేజీ. నీళ్లతో మింగాల."

జేజి నా మాట విననట్టే గ్లాసు అక్క చేతిలో పెట్టి, బిడ్డ గుడ్డలు ఉతకడానికి పోయింది.

"నువ్వన్నా చెప్పక్కా. మధ్యాహ్నం తింటే బాగుండ్ల్యా?"

"బాగుండింది," అంది అక్క. మాత్ర వేసుకుని టీ తాగింది. "వీనికేమన్నా అయితే నేనేం జేసుకోవాల? నువ్వు పో ఇంక."

"రేపు కొంచెమే తెస్తా."

"తేవాకు."

నన్ను గడప దాకా నెట్టుకొచ్చి తలుపు వేసింది. గడియ లాగడానికి బలం చాల్లేదేమో, లోపల చాలాసేపు గలగలమంది. తర్వాత పడింది.