తీసివేతకు నంబరు లేదు

డెబ్భైతొమ్మిది వానాకాలంలో, నా భార్య నీలమ్మ పోయిన నలభై రోజులకు, దవాఖాన రికార్డు గదికి మూడోసారి వెళ్ళాను. పుప్పాలగూడ నుంచి గుట్టల దారిన నడిచి, బస్సు పట్టుకుని చేరేసరికి పదకొండయింది.

"మల్ల వచ్చిన్రా సారూ," అన్నాడు అటెండరు నర్సింహ. "మాకన్న మీరే మంచిగ డ్యూటీ జేస్తున్నరు. హాజరు ఏయమంటరా?"

నాకు తెలియవలసింది ఒక్కటే. ఆమె గుండె సత్తువ తగ్గినప్పుడు తొడ రక్తనాళం గుండా ఒక బుడగ పంపి, యంత్రంతో దాన్ని ఉబ్బిస్తూ ముడుస్తూ గుండెకు ఆసరా ఇచ్చారు. అది కొద్దిరోజులకే. నాలుగో రోజు రక్తం అందక కాలు చల్లబడింది. బుడగ తీసేయాలి, తీస్తే గుండె తట్టుకోకపోవచ్చు అన్నారు డాక్టరు. కాగితం మీద సంతకం పెట్టాను. బయట కూర్చోమన్నారు. గంటలో పోయింది. తీయకముందా, తీశాకా అని ఆనాడు అడగలేదు. అడగాలనిపించేసరికి డాక్టరుకు బదిలీ అయింది.

గుమాస్తా యజ్ఞనారాయణగారు కార్డు తీశారు. రోగి కాగితాలు చదివి, ప్రతి జబ్బుకూ ప్రతి ఆపరేషనుకూ పుస్తకంలో ఉన్న నంబరు వేయడం ఆయన పని. వేశాక కాగితాలు ఉంచరట. కార్డే మిగులుతుంది.

"ఇది జబ్బండి మాస్టారూ. ఇది బుడగ పెట్టినందుకు. ఇది మరణం."

"తీసినందుకు?"

"దానికి వేరే నంబరుండదండీ. కొన్నాళ్ళకని పెట్టింది ఎలాగూ తీసేదే కదా. పెట్టడంలోనే అదీ వచ్చేస్తుంది. తీసినా తీయకపోయినా కార్డు ఇలాగే ఉంటుంది."

మా బడి రిజిస్టరులో చేరిన తేదీ పక్కనే విడిచిన తేదీకి గడి ఉంటుందని చెప్పాను.

"అది బడి కదండీ," అన్నారాయన. గొంతు తగ్గించారు. "తీయకముందే పోయారని ఒక ముక్క రాసిమ్మంటారా? ముద్ర కూడా వేస్తాను."

"వద్దు. మీరు చదివిన్రు గద. ఏమన్న యాదికున్నదా?"

"రోజుకు నలభై కార్డులండీ."

కార్డు పెట్టెలో పెట్టి, రిజిస్టరు నా వైపు తిప్పారు. "చూసినట్టు సంతకం పెట్టండి."

పెన్ను తీశాను. పుప్పాలగూడలో పెద్దవాళ్ళకు, నీలమ్మకు కూడా, సంతకం నేర్పింది నేనే. బుడగ తీయడానికి ఒప్పుకుంటూ ఆనాడు పెట్టిందీ ఆ సంతకమే. పెన్ను జేబులో పెట్టి స్టాంపు ప్యాడ్ అడిగాను.

"ఏంది సారూ, పంతులు ఏలిముద్ర ఏసుడా?" అని నవ్వాడు నర్సింహ.

బొటనవేలు అద్ది, చూపిన గడిలో ఉంచాను.