చెవి అందిన పిల్ల

"తల వంచొద్దు బిడ్డా, సక్కగ నిలబడు," అంటూ ఓదెలు ఆ పిల్లవాడి గడ్డం కింద వేలు పెట్టి ముఖం పైకెత్తాడు. పిల్లవాడు కుడిచేతిని తల మీదుగా తెచ్చి ఎడమ చెవి పట్టుకోవాలని నానా తంటాలు పడుతున్నాడు. వేళ్లు చెవి పైన జుట్టు దాకా వచ్చి ఆగిపోయాయి.

"అందలేదవ్వా. వచ్చేయేడు తోల్కరా."

"జెర సూడు పటేలా, పక్కింటి పోరడు గీని ఈడోడే, వాన్ని తీస్కున్నరు గద," అని తల్లి బతిమాలింది.

"అందలేదంటే అందలేదు."

బడి తెరిచిన వారమంతా అటెండరు ఓదెలుకు ఇదే పని. ఆ ఊళ్లో పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు. బతుకమ్మ ముందర పుట్టాడని ఒకరంటారు, కలరా వచ్చినప్పుడు చంకలో ఉందని ఇంకొకరంటారు. అందుకని బడి తన లెక్క తాను పెట్టుకుంది. చెయ్యి అవతలి చెవికి అందితే ఆరేళ్లు నిండినట్టు, అందకపోతే నిండనట్టు. పోలీసు చర్య అయిన మరుసటి ఏడు ఓదెలు ఈ కొలువులో చేరాడు. అప్పటినుంచి హెడ్మాస్టర్లు వచ్చారు, పోయారు. చేతులు కొలిచే మనిషి మాత్రం మారలేదు.

ఇప్పుడు యాభై దాటాయి. సన్నటి మనిషి. ఖాకీ చొక్కాకు మోచేతుల దగ్గర మాసికలు. వరండాలో వేలాడే రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొట్టి కొట్టి కుడి భుజం కాస్త దిగిపోయింది. ఒకసారి ఆ పట్టా నుంచి ఇనుప రజను ఎగిరి కంట్లో పడ్డప్పటినుంచి ఎడమ కన్ను చిన్నదైంది. ఈ వారం రోజులూ అతని చేతులు పిల్లల తలల ఆముదం వాసన వేస్తాయి. ఎంత తోమినా పోదు. ఆ వాసనంటే అతనికి ఇష్టం.

ఈ రోజు మాత్రం అతని మనసు ఇక్కడ లేదు. హెడ్మాస్టరు చలపతిరావు పొద్దున్నే మొదటి బస్సుకు సంగారెడ్డి వెళ్లాడు, విద్యాశాఖ ఆఫీసుకు. మధ్యాహ్నం బస్సుకు తిరిగి రావాలి. ఆయన తెచ్చే మాట మీద ఓదెలు కూతురు బాలమణి బతుకు ఆధారపడి ఉంది.

పల్లెల్లో చురుకైన పిల్లల్ని ఏరి, సర్కారు ఖర్చుతో పట్నం హాస్టల్లో ఉంచి చదివించే పథకం ఒకటి వచ్చింది. ఏడో తరగతి పిల్లలకు పంచాయతీ సమితి అంతటా పరీక్ష పెట్టారు. బాలమణి అందరికంటే ముందు నిలిచింది. ఆ వార్త విన్న వారమే ఓదెలు పటాన్‌చెరు అంగడికి వెళ్లి హాస్టలుకని రేకు పెట్టె కొన్నాడు, దాని మీద తెల్ల రంగుతో పేరు కూడా రాయించాడు. తొందరపడ్డాడని ఇప్పుడు ఎవరైనా అనొచ్చు. కానీ కొత్త పెట్టె నెత్తిన పెట్టుకుని ఊరి మధ్యనుంచి నడిచిన ఆ సాయంత్రం లాంటిది అతని బతుకులో రెండోది లేదు.

చిక్కల్లా వయసు దగ్గర వచ్చింది. పథకానికి పదమూడు దాటకూడదు. బడి రాతలో బాలమణికి పద్నాలుగు.

నిజానికి పిల్లకు పన్నెండే. లోపలి పాలపన్ను ఒకటి ఇంకా కదులుతూనే ఉంది. నాలుగేళ్లప్పుడు, తల్లి మొగులమ్మ కూలికి పోతే చూసేవాళ్లు లేక, ఓదెలు పిల్లను బడి వరండాలో కూర్చోబెట్టేవాడు. అది లోపలి పిల్లలు వల్లించే ఎక్కాలు బయట కూర్చునే అప్పజెప్పేది. ఆ ముచ్చట తట్టుకోలేకపోయాడు. ఆ ఏడే బడిలో చేర్పించే రోజున, "తల కొద్దిగ వంచు బిడ్డా," అన్నాడు. చెయ్యి చెవికి అందింది. ఆరేళ్లని రాశారు. కొలువులో ఉన్నన్నాళ్లలో ఒక్క తలనే వంచాడు, అది కూతురిది. తర్వాత మొగులమ్మ మంచం పట్టినప్పుడు పొయ్యి దగ్గరికి మనిషి కావాలని ఒక ఏడు బడి మాన్పించాడు. ఆ ఏడు కూడా లెక్కలోకి వచ్చి కూర్చుంది.

చలపతిరావు బస్సు దిగి గొడుగు మడుస్తూ వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, మెత్తటివాడు. ఓదెలు ఇచ్చిన మంచినీళ్లు తాగి, గ్లాసు చాలాసేపు కింద పెట్టలేదు.

"కుదరదన్నారు ఓదెలూ."

"నేనొచ్చి ఒట్టేసి చెప్త సార్. అబద్ధం నాదని."

"అదీ చెప్పాను. అప్పుడు పెంచి, ఇప్పుడు స్కాలర్‌షిప్ వస్తుందని తగ్గిస్తారా అని నవ్వాడయ్యా ఆఫీసరు. రోజూ పది మంది తండ్రులు ఇదే మాట అంటారట."

"నా బిడ్డను సూస్తె తెలుస్తది గద సార్."

"చూడరయ్యా. కాగితమే చూస్తారు." ఆయన తల దించుకున్నాడు. "సీటు మన బడికే వచ్చిందిలే. రెండో స్థానం మన సంగయ్య కొడుకుది కదా. వాణ్ని తీసుకున్నారు."

 సంగయ్య కొడుకును వరసగా రెండేళ్లు ఓదెలే వెనక్కి పంపాడు, చెయ్యి అందలేదని. ఎనిమిదేళ్లకు బడికొచ్చిన వాడికి ఆరని రాశారు. మీసం మొలుస్తున్న ఆ పిల్లవాడు రాతలో పదమూడేళ్ల పసివాడు. పరాయి బిడ్డ దగ్గర నిక్కచ్చిగా ఉన్నాడు, అది వాడికి కలిసొచ్చింది. సొంత బిడ్డ దగ్గర ప్రేమ చూపించాడు, అది దానికి దెబ్బై తగిలింది. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో అతనికి తెలియలేదు. లేచి వెళ్లి గంట కొట్టాడు.

సాయంత్రం ఇంటికెళ్లేసరికి అరుగు మీద లింగం కూర్చుని ఉన్నాడు. ఒకప్పుడు పక్క చేనువాడే, ఇప్పుడు పటాన్‌చెరులో కొత్తగా లేచిన మందుల కంపెనీకి కూలీలను కుదురుస్తున్నాడు. సంగతి ఓదెలు కంటే ముందే ఇల్లు చేరింది.

"సీసాలు కడిగేటి పనే ఓదెలన్నా. ఎండ లేదు, వాన లేదు. బండి ఊర్లకే వస్తది."

"అది పన్నెండేండ్ల పిల్ల లింగం."

"బడిల పద్నాలుగు రాసున్నదంట గద. పద్నాలుగుంటెనే తీస్కుంటరు. మంచిగ రాయించినవ్!" లింగం నవ్వాడు. ఆ నవ్వులో ఎత్తిపొడుపు లేదు, నిజంగానే మెచ్చుకున్నాడు.

ఊరి బడి ఏడో తరగతి వరకే. ఓదెలు భార్య వైపు తిరిగాడు. "పటాన్‌చెరు పెద్ద బడికి నడిసి పోతది."

"ఒక్కతే? గా లారీల రోడ్డు మీద?" అంది మొగులమ్మ. "ఎదిగే పిల్ల. నేను పంప. నీ పెట్టెను సూస్కుంట కూసుంటదా ఇంట్ల?" అంటూనే కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

బాలమణి గడపలో నిలబడి అంతా విన్నది. సన్నటి చేతులు, తండ్రిలాగే దిగిన భుజాలు.

"పోత నాయినా. సీసాల మీద ఇంగ్లీషుల రాసుంటదంట. సదువుకుంట."

 బాలమణి పెట్టె తెరిచి, వయసు రాసి ఉన్న ఏడో తరగతి కాగితం తీసి లింగానికిచ్చింది. మళ్లీ మూత వేసి, గొళ్లెం పెట్టింది.

తెల్లారి కంపెనీ బండి చెరువు మలుపు దగ్గర ఆగింది. బాలమణి టిఫిను గిన్నె పట్టుకుని, జడను గుడ్డలో చుట్టుకుని నిలబడింది. వెనుక తలుపు దగ్గర పైకెక్కడానికి ఒక కడ్డీ ఉంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే దాన్ని పట్టుకుని ఎక్కారు. బాలమణి మునివేళ్ల మీద లేచి చెయ్యి చాపింది. కడ్డీ అందలేదు. మళ్లీ ఎగిరింది. అందలేదు.

ఓదెలు నోటి దాకా వచ్చింది, అందలేదు, వచ్చేయేడు తోల్కరా అని. లింగం పిల్లను రెండు చంకల కింద పట్టి ఎత్తి లోపల పెట్టాడు.

ఓదెలు ఖాకీ చొక్కా కోసం ఇంటికొచ్చాడు. గంటకు వేళవుతోంది. గోడవారన రేకు పెట్టె మీద తెల్ల రంగు ఇంకా కొత్తగానే ఉంది: ఓ. బాలమణి, ఎనిమిదో తరగతి.